షుగర్ మాత్ర ఎర్ర రక్తకణాన్ని కాపాడుతుందా?

(తెర మీద: విశాఖ బీచ్ రోడ్డు, ఉదయపు నడక)

నమస్కారం. ఇక్కడ నడిచేవారిలో చాలామంది ఇంటికెళ్లి టిఫిన్‌కు ముందు షుగర్ మాత్ర వేసుకుంటారు. అది రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని అందరికీ తెలుసు. మరి రక్తకణానికి ఏం చేస్తుంది?

(బొమ్మ: సన్నని రక్తనాళంలో దూరుతున్న ఎర్రకణం)

ఈ కణం వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లు. అత్యంత సన్నని నాళాలు అంతకంటే ఇరుకు. ఒళ్లు వంచితేనే దారి. ఇలా దాదాపు 120 రోజులు తిరగాలి. కేంద్రకం లేదు కాబట్టి పాడైన ప్రోటీన్‌కు బదులు కొత్తది చేసుకోలేదు. ఆక్సిజన్‌ను మోసే క్రమంలోనే హానికరమైన ఫ్రీ రాడికల్స్ పుడుతుంటాయి. వాటిని అణచేది గ్లూటాథయోన్. వాడిన గ్లూటాథయోన్‌ను మళ్లీ పనికి తెచ్చేది ఎన్‌ఏడీపీహెచ్. దాన్ని అందించే ఎంజైమ్ జీ6పీడీ.

ఎర్రకణంలోకి గ్లూకోజ్ వెళ్లడానికి ఇన్సులిన్ అక్కర్లేదు. రక్తంలో చక్కెర పెరిగితే కణంలోనూ పెరుగుతుంది. కొంత సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థంగా మారుతూ ఎన్‌ఏడీపీహెచ్‌ను ఖర్చుచేస్తుంది. కొంత హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. మూడు నెలలకోసారి చేయించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో కొలిచేది దాన్నే. చివరికి పొర బిగుసుకుపోయి కణం వంగలేకపోతుంది.

చక్కెరను అదుపులో పెట్టే ఏ మందైనా ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. నా దృష్టిలో అసలైన రక్షణ ఇదే.

(తెర మీద: మాత్రల షీట్లు)

గ్లిక్లజైడ్ అనే షుగర్ మాత్రకు మరో గుణం ఉంది. దాని అణువులోని ఒక ప్రత్యేక వలయం ఫ్రీ రాడికల్స్‌ను పట్టేస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. అదే కుటుంబానికి చెందిన గ్లిబెన్‌క్లమైడ్‌లో ఆ గుణం కనిపించలేదు. మరో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ చాలా కణాల్లో మైటోకాండ్రియా (కణానికి శక్తిని తయారుచేసే భాగాలు) మీద పనిచేస్తుంది; ఎర్రకణంలో అవి లేనే లేవు, కాబట్టి ఆ దారిలో ఇక్కడ పనిచేయలేదు. అయినా ప్రయోగశాల ఫలితాన్ని చూసి మాత్ర మార్చమని డాక్టరు గారిని అడగకండి.

ఒక్క విషయం మాత్రం తప్పక అడగండి. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో జీ6పీడీ లోపం ఎక్కువ. మనకు దగ్గర్లోని అరకు, పాడేరు ఏజెన్సీ మలేరియా ప్రాంతమే. ఈ లోపం ఉన్నవారిలో గ్లిక్లజైడ్ కుటుంబపు మందులకు ఎర్రకణాలు చిట్లే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎవరికైనా ప్రైమాక్విన్ అనే మలేరియా మందు వాడినప్పుడు మూత్రం నల్లబడినా, కళ్లు పచ్చబడినా, కొత్త మాత్ర మొదలుపెట్టేముందే ఆ సంగతి చెప్పి, జీ6పీడీ పరీక్ష అవసరమేమో కనుక్కోండి. కణాలు త్వరగా చిట్లిపోతుంటే హెచ్‌బీఏ1సీ కూడా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.