వడగాలికి చనిపోయినవారిని ఎలా లెక్కపెడతారు?

[తెరపై: మూసిన కిటికీ. గదిలో ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. మాటలు లేకుండా ఐదు సెకన్లు.]

వరద వస్తే మునిగిన వీధి ఫొటో ఉంటుంది. తుపాను వస్తే కూలిన చెట్టు ఫొటో ఉంటుంది. వడగాలికి ఫొటో ఉండదు. మూసిన తలుపు వెనక, ఒంటరిగా బతుకుతున్న ఒక పెద్దాయన చనిపోతారు. మరణ ధ్రువపత్రంలో గుండెపోటు అని రాస్తారు. అది అబద్ధం కాదు, గుండె ఆగిన మాట నిజమే. కాకపోతే ఎండ ఊసు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

మరి కాగితం మీద లేని కారణాన్ని ప్రభుత్వం ఎలా పట్టుకుంటుంది? పట్టుకోలేకపోతే దానికి నిధులు కేటాయించేదెవరు? వాతావరణ మార్పు, నగరాలు, ప్రజా విధానం అనగానే అంతర్జాతీయ సదస్సులు, రంగురంగుల పటాలు, 2050 నాటి లక్ష్యాలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఈ రంగం మొత్తంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది చనిపోయినవారిని లెక్కపెట్టే పని.

[తెరపై: పొగగొట్టాలతో నిండిన పాతకాలపు లండన్ బొమ్మ.]

ముందు చిన్న నేపథ్యం. నగరం చుట్టుపక్కల పల్లెల కంటే వేడిగా ఉంటుందన్నది కొత్త సంగతేమీ కాదు. మేఘాలకు క్యుములస్, స్ట్రాటస్, సిర్రస్ అని పేర్లు పెట్టిన ల్యూక్ హోవార్డ్ వృత్తిరీత్యా మందుల తయారీదారు. లండన్‌లో నమోదైన ఉష్ణోగ్రతలను, ఊరి బయట తాను కొలిచినవాటితో ఏళ్ల తరబడి పోల్చి, 1818లో ఆ లెక్కలు అచ్చువేయించడం మొదలుపెట్టాడు. రాత్రిపూట నగరం దాదాపు 2 సెల్సియస్ డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉందని తేల్చాడు. పగలు మాత్రం పెద్ద తేడా లేదు.

ఇందులో అసలు మాట ‘రాత్రి’. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు, తారు దాన్ని చీకటి పడ్డాక వదులుతాయి. పగటి వేడికి అలసిన శరీరం కోలుకోవలసింది ఆ వేళలోనే. అందుకే వడగాలుల మీద పనిచేసేవారు మధ్యాహ్నపు గరిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు తెల్లవారుజామున నమోదయ్యే కనిష్ఠాన్నీ గమనిస్తారు.

[తెరపై: 1995 జూలై, షికాగో. వీధిలో వరుసగా నిలిచిన శీతలీకరణ ట్రక్కులు.]

ఇప్పుడు షికాగో. 1995 జూలై 13న అక్కడ ఉష్ణోగ్రత 41 డిగ్రీలు దాటింది. ఒకటి రెండు రోజుల్లోనే శవాగారం నిండిపోయింది. శవాలను ఉంచడానికి శీతలీకరణ ట్రక్కులు తెప్పించాల్సి వచ్చింది. ఈ మరణాలకు ఎండే కారణమని ముఖ్య వైద్య పరీక్షకుడు ఎడ్మండ్ డొనహ్యూ ధ్రువీకరిస్తూ పోయారు. ఆ లెక్క మరీ పెంచి చెబుతున్నారేమోనని నగర మేయర్ రిచర్డ్ డేలీ బహిరంగంగానే అనుమానం వ్యక్తం చేశారు. వేసవిలో రోజూ ఎవరో ఒకరు చనిపోతూనే ఉంటారు కదా, అందరినీ ఎండ ఖాతాలో వేస్తే ఎలా అన్నది వాదన.

చూడబోతే న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా పనికొచ్చిన పద్ధతి పేరు ‘అదనపు మరణాలు’. ఎవరు దేనివల్ల చనిపోయారన్న తగువు పక్కన పెట్టేస్తారు. ఈ వారంలో మామూలుగా ఎంతమంది చనిపోవాలి, నిజంగా ఎంతమంది చనిపోయారు, ఈ రెండే చూస్తారు. షికాగోలో ఆ వారం తేడా 739. డొనహ్యూ లెక్క ఎక్కువ కాదు, తక్కువే అని తేలింది.

[తెరపై: తెల్ల పలక మీద తీసివేత. 4,462 – 3,118 = 1,344.]

ఈ లెక్క ఎంత సాదాగా ఉంటుందో అహ్మదాబాద్ ఉదాహరణలో చూడండి. 2010 మే నెలలో అక్కడ ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెలలో నమోదైన మొత్తం మరణాలు 4,462. ముందు ఏడాది, తర్వాతి ఏడాది మే నెలల సగటు 3,118. తీసివేస్తే 1,344. చిన్నపిల్లలు చేయగల లెక్క. కష్టమంతా దీనికి ముందే ఉంది. మరణాలు రోజువారీగా, నమ్మకంగా నమోదు కావాలి, ఆ పుస్తకాలను పరిశోధకుల చేతికివ్వడానికి కార్యాలయం ఒప్పుకోవాలి. నమోదు సరిగా లేని నగరంలో వడగాలికి ఎవరూ చనిపోనట్టే కనిపిస్తుంది.

ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. నాలుగు వారాల్లో ఎలాగూ పోయేవారే కాస్త ముందుగా పోయారేమో? వినడానికి కటువుగా ఉన్నా అడగవలసిన ప్రశ్నే. దాన్ని పరీక్షించే మార్గమూ ఉంది. వడగాలి తగ్గాక వచ్చే వారాల్లో మరణాలు మామూలు కంటే తగ్గాయా అని చూడాలి. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో సుమారు 15,000 మంది చనిపోయాక ఇలాగే చూశారు. తర్వాతి వారాల్లో తగ్గుదల స్వల్పమే. అంటే చనిపోయినవారిలో చాలామందికి ఇంకా ఆయుష్షు ఉంది.

[తెరపై: షికాగో పటం. పక్కపక్కనే ఉన్న రెండు పేటలు వేర్వేరు రంగుల్లో.]

లెక్క తేలాక వచ్చే ప్రశ్న, చనిపోయింది ఎవరు అని. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త షికాగోలో ఆనుకుని ఉన్న రెండు పేటలను తీసుకున్నారు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్. రెండింటి మీదా ఒకే ఎండ. పేదరికమూ, ఒంటరి వృద్ధుల సంఖ్యా దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఒకచోట లక్షకు 40 మంది చనిపోయారు. రెండోచోట నలుగురు.

ఆయన వివరణ వీధుల్లో ఉంది. మొదటి పేటలో దుకాణాలు మూతపడ్డాయి, ఖాళీ స్థలాలు పెరిగాయి. వృద్ధులు బయటికి రావడానికి భయపడి కిటికీలు కూడా బిగించుకున్నారు. రెండో పేటలో వీధి నిండా జనం, తెరిచిన దుకాణాలు, కాలు బయటపెట్టడానికి ఏదో ఒక కారణం. ఈ వివరణతో ఏకీభవించని పరిశోధకులూ ఉన్నారు, ఆ వాదన పత్రికల్లో గట్టిగానే సాగింది. నా మట్టుకు నాకు, 40కీ 4కీ మధ్య ఉన్న అంతరాన్ని థర్మామీటరు వివరించలేదన్న ఒక్క సంగతి చాలు.

అయితే అన్నిచోట్లా ‘ఒకే ఎండ’ ఉండదు. అమెరికాలో 1930లలో ఇళ్ల రుణాల కోసం గీసిన పటాల్లో, నల్లజాతివారు, వలస వచ్చినవారు ఉండే పేటలకు ఎర్రరంగు వేసి ‘ప్రమాదకరం’ అని ముద్ర వేశారు. 2020లో వెలువడిన ఒక అధ్యయనం 108 నగరాల్లో ఆ పేటల నేల ఉష్ణోగ్రతను ఉపగ్రహ చిత్రాల్లో చూసింది. మిగతా పేటల కంటే సగటున 2.6 డిగ్రీలు ఎక్కువ. చెట్లు తక్కువ, తారు ఎక్కువ. తొంభై ఏళ్ల కిందటి రుణ నిబంధన ఈనాటి ఎండలో కనిపిస్తోంది.

[తెరపై: అహ్మదాబాద్. బస్సు వెనక ఎండ హెచ్చరిక.]

ఇక ప్రణాళికలు. అహ్మదాబాద్ 2013లో వడగాలుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. దక్షిణాసియాలో ఇదే మొదటిది. ముందస్తు హెచ్చరికలు, వైద్య సిబ్బందికి శిక్షణ, తాగునీటి ఏర్పాట్లు. ఖరీదైన యంత్రాలేమీ లేవు. ఇది పనిచేసిందా? జరగని మరణాన్ని లెక్కపెట్టడం జరిగినదాన్ని లెక్కపెట్టడం కంటే చాలా కష్టం. ప్రణాళికకు ముందు ఏళ్లలో ఏ ఉష్ణోగ్రతకు ఎన్ని మరణాలు నమోదయ్యాయో చూసి, తర్వాతి ఏళ్ల ఎండకు ఎన్ని జరగాలో అంచనా కట్టి, జరిగినవాటితో పోల్చాలి. ఇలా చేసిన ఒక అధ్యయనంలో వచ్చిన జవాబు, ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పాయని.

ఈ అంకెను వార్తల్లో మీరు చూసే ఉంటారు. దాని పక్కనే ఉన్న మరో రెండు అంకెలు మాత్రం అంతగా బయటికి రావు. అసలు విలువ 162 నుంచి 2,218 వరకు ఎక్కడైనా ఉండవచ్చని అదే పత్రం చెబుతోంది. ఇంత వెడల్పు ఉంటే ఇదేం లెక్క అనిపించవచ్చు. నాకైతే ఆ వెడల్పును దాచకుండా రాసినందుకే దాని మీద నమ్మకం కుదిరింది. తక్కువ కొస పట్టుకున్నా, 162 మంది బతికినట్టే కదా.

ఫ్రాన్స్‌లోనూ ఇదే పద్ధతి. 2004లో జాతీయ ప్రణాళిక వచ్చింది. 2006 జూలై వడగాలులకు, పాత అనుభవం ప్రకారం రావలసిన దానికంటే దాదాపు 4,400 మరణాలు తక్కువ నమోదయ్యాయి. అందులో ప్రణాళిక వాటా ఎంత, 2003 చూసి జనమే జాగ్రత్తపడినందువల్ల వచ్చినది ఎంత అన్నది విడదీయడం కష్టం.

[తెరపై: లాస్ ఏంజెలిస్. నల్లటి తారు రోడ్డు మీద లేత రంగు పూత పూస్తున్న కార్మికులు.]

చివరగా, మంచి ఆలోచన ఒకటి వీధిలోకి వచ్చాక ఏమైందో చూద్దాం. నల్ల రోడ్డు ఎండను పీల్చుకుంటుంది కాబట్టి లేత రంగు పూస్తే చల్లబడాలి. లాస్ ఏంజెలిస్‌లో పూశారు. ఉపగ్రహం నుంచి చూస్తే నేల చల్లబడినట్టే ఉంటుంది, నిజంగానే కొన్ని డిగ్రీలు చల్లబడింది. కానీ పరిశోధకులు సెన్సర్లు బిగించిన ఒక బండిని ఆ వీధుల్లో తోసుకుంటూ వెళ్లి, నిలబడిన మనిషికి అన్ని వైపుల నుంచి తగిలే వేడిని కొలిచారు. మధ్యాహ్నం వేళ అది పూత లేని రోడ్డు కంటే దాదాపు 4 డిగ్రీలు ఎక్కువ. రోడ్డు పీల్చుకోకుండా తిప్పికొట్టిన ఎండ నడిచేవారి ఒంటికి తగిలింది.

పూత పనికిరాదని దీని అర్థం కాదు. ఎవరూ నడవని చోట పూయవచ్చు. బస్సు కోసం జనం నిలబడే చోట కావలసింది నీడ.

[తెరపై: అదే వీధి, మధ్యాహ్నం. సెన్సర్ల బండి లేత రంగు రోడ్డు దాటి చెట్టు కిందికి చేరుతుంది. పక్కన అంకె తగ్గుతూ వస్తుంది.]