రెండో లింక్ ఉన్నా 40 సెకన్లు ఎందుకు ఆగింది?

వ్యాఖ్యాత: నమస్కారం. నెట్‌వర్క్‌లో లింక్ తెగినప్పుడు ట్రాఫిక్ త్వరగా ఇంకో దారి పట్టాలంటే ఏం చేయాలి? ఈ రోజు కాల్స్ దాని మీదే. జవాబులు చెప్పడానికి నెట్‌వర్క్ ఇంజినీర్ మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాలర్, చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడమ్. మా హెడ్డాఫీసుకీ బ్రాంచికీ మధ్య రెండు లింకులున్నాయి. మొన్న ఒకటి పోయింది. రెండోది బాగానే ఉంది, అయినా ఫోన్ కాల్స్ అన్నీ కట్టయిపోయాయి. ముప్పావు నిమిషం దాకా ఏదీ కదల్లేదు. మరి రెండో లింక్ దేనికని మా మేనేజర్ నిలదీస్తున్నారు.

ఇంజినీర్: ఆయన అడిగినదాంట్లో తప్పు లేదండీ. రౌటర్లు దారులు లెక్కేసుకునే ప్రొటోకాల్ ఓఎస్‌పీఎఫ్ నడుపుతున్నారా?

కాలర్: అవును మేడమ్. టైమర్లేవీ ముట్టుకోలేదు.

ఇంజినీర్: లింక్ పోయినప్పుడు రౌటర్ పోర్టు లైటు ఆరిందా?

కాలర్: లేదండీ, పచ్చగా వెలుగుతూనే ఉంది. అందుకే లింక్ పోయిందంటే ముందు నమ్మలేదు.

ఇంజినీర్: అదీ సంగతి. మీ రౌటర్‌కీ అవతలి రౌటర్‌కీ మధ్య ఫైబర్‌ని మామూలు కేబుల్‌కి కలిపే మీడియా కన్వర్టరో, ప్రొవైడర్ స్విచ్చో ఉండి ఉంటుంది. ఫైబర్ దానికి అవతల తెగింది. మీ పోర్టుకి సిగ్నల్ అందుతూనే ఉంది కాబట్టి అది డౌన్ కాలేదు. ఇక రౌటర్‌కి మిగిలిన ఆధారం, రౌటర్లు ‘నేనున్నాను’ అంటూ ఒకదానికొకటి పంపుకునే హలో ప్యాకెట్లే. మామూలు సెట్టింగులో అవి 10 సెకన్లకొకటి వస్తాయి. 40 సెకన్లపాటు ఒక్కటీ రాకపోతేనే అవతలి రౌటర్ పోయిందని తేలుతుంది. అప్పటిదాకా మీ కాల్స్ తెగిన దారిలోకే పోతుంటాయి.

కాలర్: అయితే హలో టైమర్ తగ్గించేస్తే సరిపోతుందా?

ఇంజినీర్: కొంత మేలే. కానీ నేనైతే బీఎఫ్‌డీ పెట్టమంటాను, రెండు వైపులా. 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5880 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది, అవతలివాడు ఉన్నాడా లేడా అని చూడటమే దాని పని. 300 మిల్లీసెకన్లకొక ప్యాకెట్, వరసగా మూడు రాకపోతే డౌన్ అని పెట్టండి. సెకను లోపే తెలిసిపోతుంది. ఓఎస్‌పీఎఫ్‌కీ, వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య దారులు చెప్పే బీజీపీకీ ఆ ఒక్క సెషనే పనికొస్తుంది.

కాలర్: 50 మిల్లీసెకన్లు పెట్టేయనా?

ఇంజినీర్: తొందరపడకండి. చాలా చిన్న రౌటర్లలో బీఎఫ్‌డీ పని కూడా ప్రధాన ప్రాసెసర్ మీదే పడుతుంది. అది కాసేపు బిజీ అయితే బాగున్న లింకునే పోయిందనుకుంటుంది. లేని టెన్షన్ కొనితెచ్చుకున్నట్టవుతుంది.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. చెప్పమ్మా.

కాలర్: మేడమ్, నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. లింక్ పోయిందని వెంటనే తెలిసినా ఇంకా ఆలస్యం ఉంటుందంటారు. ఎందుకు?

ఇంజినీర్: మంచి ప్రశ్నమ్మా. తెలిశాక ఆ మాట రౌటర్లన్నిటికీ చేరాలి, ప్రతి రౌటరూ దారులు మళ్ళీ లెక్కేసుకోవాలి, ఆ ఫలితం, ఏ ప్యాకెట్ ఎటు పంపాలో చూసుకునే ఫార్వర్డింగ్ టేబుల్లోకి ఎక్కాలి. పెద్ద నెట్‌వర్క్‌లో టేబుల్ మార్చడానికే చాలా సమయం పోతుంది. అందుకే లింక్ బాగున్నప్పుడే ప్రత్యామ్నాయం లెక్కేసి టేబుల్లో పెట్టుకుంటారు. దాన్నే ఫాస్ట్ రీరూట్ అంటాం. సాధారణంగా 50 మిల్లీసెకన్లలోపు మారాలన్నది లక్ష్యం.

కాలర్: ఏ పక్క రౌటర్‌కి ఇచ్చినా ఫరవాలేదా?

ఇంజినీర్: అక్కడే ఉంది చిక్కంతా! అది మళ్ళీ నీకే తిప్పి పంపకూడదు. ప్రతి లింకుకీ ఖర్చు అని ఒక అంకె ఉంటుంది, మొత్తం తక్కువైన దారినే రౌటర్ ఎంచుకుంటుంది. గమ్యానికి నీ ఖర్చు 20 అనుకో. పక్క రౌటర్ నుంచి నీకు 10. అంటే నీ మీదుగా వెళ్తే దానికి 30 అవుతుంది. దానికి సొంతంగా 25లో దారి ఉంటే నిశ్చింతగా ఇవ్వొచ్చు. సొంత దారి 35 అయితే మాత్రం దాని టేబుల్లో నువ్వే ఉంటావు. ప్యాకెట్ మీ ఇద్దరి మధ్యే తిరుగుతుంది. ఈ పరీక్ష నెగ్గిన పొరుగు రౌటర్‌ని లూప్-ఫ్రీ ఆల్టర్నేట్ అంటారు, 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5286లో ఉంది, చదువు. రింగులాంటి నెట్‌వర్క్‌లో అలాంటి పొరుగు చాలాసార్లు దొరకదు. అప్పుడు ప్యాకెట్‌ని టన్నెల్‌లో, అంటే ఇంకో ప్యాకెట్‌లో చుట్టి, దూరంగా ఉన్న రౌటర్ దాకా పంపి అక్కడ వదులుతారు. కాగితం మీద ఆరు రౌటర్ల రింగు గీసి లెక్కేసి చూడమ్మా, నీకే తెలుస్తుంది.

వ్యాఖ్యాత: చివరి కాలర్.

కాలర్: మేడమ్, మేము రెండు వేర్వేరు ప్రొవైడర్ల దగ్గర లింకులు తీసుకున్నాం. రెండూ ఒకేసారి పోయాయి!

ఇంజినీర్: రెండు ఫైబర్లూ ఒకే డక్టులో, అంటే భూమిలోని ఒకే గొట్టంలో, వస్తున్నాయేమో కనుక్కోండి. బిల్లులు వేరైనా తవ్వకంలో రెండూ కలిసే తెగుతాయి. రూటు మ్యాపులు రాతపూర్వకంగా అడగండి. ప్రొటోకాల్ ఎంత వేగమైనదైనా దీనికి మందు కాదు.

కాలర్: దారులు వేరు చేయించాక ఎలా పరీక్షించాలి?

ఇంజినీర్: రౌటర్ పోర్టులో కేబుల్ పీకి సరిపెట్టుకోకండి. అలా పీకితే లైటు ఆరుతుంది, రౌటర్‌కి వెంటనే తెలుస్తుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కన్వర్టర్‌కి అవతల ఫైబర్ తీయించండి. ఒక ఫోన్ కాల్ నడుస్తుండగా చేయండి. తిరిగి కలిపేటప్పుడు కూడా ఆ కాల్ విని చూడండి, పాత దారికి మళ్ళేటప్పుడు కూడా ప్యాకెట్లు పోవచ్చు.

కాలర్: రెండు లింకుల మీదా చేయాలా?

ఇంజినీర్: రెండిటి మీదా చేయండి. మొదటిది పూర్తిగా కుదుటపడ్డాకే రెండోది.