ప్రైమరీ పోరు సాగితే పార్టీ చీలుతుందా?

సభకు నమస్కారం.

మన దగ్గర పార్టీ టికెట్ కోసం జరిగే పోటీ ఓటరుకు కనిపించదు. నాయకుల ఇళ్లలో, పార్టీ కార్యాలయాల్లో, ఢిల్లీ ప్రయాణాల్లో అది నడుస్తుంది. చివరికి బీ-ఫారం ఎవరి చేతికి వస్తే వారే అభ్యర్థి. రానివారు అలుగుతారు, అనుచరులు ఫ్లెక్సీలు చించుతారు, కొందరు రెబల్‌గా నామినేషన్ వేస్తారు, ఉపసంహరణ గడువు ముగిసేదాకా పెద్దలు బుజ్జగింపులకు తిరుగుతారు. అమెరికాలో ఇదే తగాదా బహిరంగంగా, నెలల తరబడి, ఓటర్ల చేతుల మీదుగా జరుగుతుంది. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఆ ఓటింగ్‌నే ప్రైమరీ అంటారు. ఒకే పార్టీవారు ఒకరినొకరు దేశమంతా తిరిగి విమర్శించుకుని, ఆ తర్వాత ఒకే వేదిక ఎక్కి ప్రత్యర్థి పార్టీతో తలపడాలి. ఆ పోటీ మరీ సాగితే పార్టీ ఐక్యత ఏమవుతుందన్నదే ఈరోజు నా అంశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నెలల లెక్క చూసి పార్టీ చీలుతుందో లేదో చెప్పలేం. ఓడినవారి మద్దతుదారులకు లెక్కింపు మీద నమ్మకం ఉందా, ఓడిన నాయకుడు తన బలాన్ని గెలిచినవారికి అప్పగించడానికి ఒప్పుకున్నాడా అన్నవి చూడాలి. దీనికి 2008 డెమోక్రటిక్ ప్రైమరీ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అందుకే ఎక్కువసేపు దాని దగ్గరే ఉంటాను.

2008 జనవరి 3న అయోవాలో బరాక్ ఒబామా గెలిచారు. అప్పటిదాకా అందరూ గెలుపు ఖాయమనుకున్న హిల్లరీ క్లింటన్ అక్కడ మూడో స్థానంలో నిలిచారు. ఐదు రోజుల తర్వాత న్యూహాంప్‌షైర్‌లో ఆమె గెలిచారు. ఫిబ్రవరి 5న ఇరవైకి పైగా రాష్ట్రాలు ఒకేసారి ఓటు వేసినా తేలలేదు. ఆ తర్వాత ఒబామా వరుసగా పదకొండు పోటీలు గెలిచారు. మార్చి 4న ఒహాయోలో క్లింటన్ మళ్లీ లేచారు. ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా ఆమెది, మే నెలలో నార్త్ కరోలినా ఆయనది. జూన్ 3న చివరి రాష్ట్రాలు ఓటు వేసిన రాత్రి ఒబామా గెలుపుకు అవసరమైన డెలిగేట్ల సంఖ్య దాటారు. డెలిగేట్లంటే పార్టీ మహాసభలో అభ్యర్థిని లాంఛనంగా ఎన్నుకునే ప్రతినిధులు. ఇద్దరికీ చెరో కోటీ డెబ్బై లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి.

ఇంత కాలం ఎందుకు సాగింది? దానికి కారణం డెమోక్రటిక్ పార్టీ లెక్కింపు పద్ధతి. ఒక రాష్ట్రంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికే ఆ రాష్ట్ర డెలిగేట్లందరూ దక్కరు. కనీసం 15 శాతం తెచ్చుకున్న వారందరికీ ఓట్ల నిష్పత్తిలో పంచుతారు. కాబట్టి ఒకసారి వందకు పైగా డెలిగేట్ల ఆధిక్యం వచ్చాక, దాన్ని చెరిపేయాలంటే పెద్ద పెద్ద రాష్ట్రాల్లో ఏకపక్షంగా గెలవాలి. పది శాతం తేడాతో గెలిస్తే వార్తల్లో సంబరమే కానీ లెక్కలో పెద్ద మార్పు రాదు. టెక్సస్‌లో మరీ విచిత్రం జరిగింది. అక్కడ ఒకే రోజు ప్రైమరీ, కాకస్, అంటే పార్టీ మద్దతుదారులు సభల్లో గుమిగూడి చేసే ఎంపిక, రెండూ పెట్టారు. ప్రైమరీలో క్లింటన్ గెలిచారు, రెండూ కలిపితే డెలిగేట్లు ఒబామాకే ఎక్కువ వచ్చారు. అదే సమయంలో రిపబ్లికన్లలో, చాలా రాష్ట్రాల్లో గెలిచినవారికే అన్నీ ఇచ్చే నిబంధన వల్ల, జాన్ మెకెయిన్ మార్చి 4 నాటికే అభ్యర్థిత్వం ఖాయం చేసుకున్నారు. డెమోక్రాట్లు మరో మూడు నెలలు కొట్లాడుకుంటుంటే ఆయన తీరికగా సిద్ధమయ్యారు. ఆ వసంతంలో పత్రికలు చదివినవారికి డెమోక్రాట్లు చేజేతులా ఎన్నిక పోగొట్టుకుంటున్నారనే అనిపించింది.

గాయాలు కూడా నిజమైనవే, వాటిని తక్కువ చేసి చెప్పను. క్లింటన్ మార్చిలో ఒక మాట అన్నారు: తనకూ మెకెయిన్‌కూ జీవితకాలపు అనుభవం ఉంది, ఒబామాకు ఉన్నది 2002లో చేసిన ఒక ప్రసంగం. సొంత పార్టీ ప్రత్యర్థి కంటే అవతలి పార్టీ అభ్యర్థిని పైన నిలబెట్టిన మాట అది. ఆగస్టులో మెకెయిన్ ప్రచార బృందం ఆ మాటనే ప్రకటనగా వాడుకుంది. ఒబామా వైపు నల్లజాతి ఓటర్లలో ఒక భయం ఉండేది. ఓట్లతో గెలిచినదాన్ని సూపర్ డెలిగేట్లు, అంటే పదవుల వల్ల ఓటు హక్కు దక్కిన సుమారు ఎనిమిది వందల మంది పార్టీ పెద్దలు, తమ నుంచి లాగేసుకుంటారేమోనని. క్లింటన్ వైపు మహిళలకు వేరే బాధ. ఒక మహిళ తొలిసారి ఇంత దూరం వస్తే టీవీ చర్చల్లో ఆమె దుస్తుల గురించి, నవ్వు గురించి మాట్లాడారని. ఈ రెండు బాధల్లోనూ న్యాయం ఉంది. అందుకే వాటిని మాటలతో చల్లార్చడం అంత కష్టమైంది.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది ఫ్లోరిడా, మిషిగన్ వివాదం. పార్టీ నిర్ణయించిన తేదీల కంటే ముందే ఓటింగ్ పెట్టినందుకు ఆ రెండు రాష్ట్రాల డెలిగేట్లను పార్టీ రద్దు చేసింది. మిషిగన్ బ్యాలెట్‌లో ఒబామా పేరే లేదు. రెండు చోట్లా క్లింటన్‌కే ఎక్కువ ఓట్లు వచ్చాయి. వాటిని లెక్కించాలని ఆమె పక్షం, ఆట మధ్యలో నిబంధన మార్చకూడదని ఆయన పక్షం. మే 31న వాషింగ్టన్‌లోని ఒక హోటల్‌లో పార్టీ నిబంధనల సంఘం కూర్చుంది. బయట నిరసనకారులు, లోపల అరుపులు. చివరికి ఇద్దరినీ పూర్తిగా తృప్తి పరచని రాజీ చేశారు. ఆ రాష్ట్రాల ప్రతినిధులకు ఒక్కొక్కరికి సగం ఓటు ఇచ్చారు. అభ్యర్థి ఖరారై, ఇక ఆ ఓట్ల వల్ల ఫలితం మారదని తేలాక, ఆగస్టులో పూర్తి ఓటు తిరిగి ఇచ్చారు. ఈ క్రమాన్ని గమనించండి. ఫలితం తేలేదాకా నిబంధన విషయంలో గట్టిగా ఉన్నారు, తేలాక ఔదార్యం చూపారు. ఇది తలకిందులుగా జరిగి ఉంటే 2008 కథ వేరుగా ఉండేదని నేను నమ్ముతాను.

ఇప్పుడు ముగింపు సంగతి. జూన్ 7న క్లింటన్ పోటీ నుంచి తప్పుకుంటూ మాట్లాడారు. ఓటమి ప్రసంగాల్లో నేను తరచూ విద్యార్థులకు చూపించేది ఇదే. తన ఓటర్ల శ్రమ వృథా కాలేదని, మహిళలను అత్యున్నత పదవికి చేరనివ్వని ఆ కనిపించని గాజు పైకప్పులో కోటీ ఎనభై లక్షల పగుళ్లు పడ్డాయని చెప్పారు. అదే ప్రసంగంలో ఒబామా పేరెత్తి మద్దతు ప్రకటించారు. తర్వాత ఇద్దరూ కలిసి మొదటి సభ పెట్టింది న్యూహాంప్‌షైర్‌లోని యూనిటీ అనే చిన్న ఊళ్లో. జనవరిలో అక్కడ ఇద్దరికీ సరిగ్గా 107 చొప్పున ఓట్లు వచ్చాయి. ప్రచారంలో ఆమె చేసిన అప్పు తీర్చడానికి సాయం చేయమని ఒబామా తన దాతలను అడిగారు. తానూ 2,300 డాలర్ల చెక్కు రాశారు. వ్యక్తులు ఇవ్వగలిగిన గరిష్ఠ పరిమితి అప్పట్లో అంతే. ఆగస్టులో డెన్వర్‌లో జరిగిన పార్టీ మహాసభలో రాష్ట్రాలవారీ ఓటింగ్ జరుగుతుండగా, న్యూయార్క్ వంతు వచ్చినప్పుడు క్లింటన్ స్వయంగా లేచి, లెక్కింపు ఆపి ఒబామాను ఏకగ్రీవంగా ప్రకటించాలని ప్రతిపాదించారు. అంతకుముందే ఆమె పేరు కూడా నామినేషన్‌లో ఉంచారు, ఆమె ప్రతినిధులకు ఓటు వేసే అవకాశం దక్కింది. ఓడిన పక్షాన్ని దాచిపెట్టకుండా లెక్కలో చూపించి, ఆ తర్వాత కలుపుకున్నారు.

మెకెయిన్ పక్షం ఈ గాయాన్ని తెరిచే ప్రయత్నం చేయకపోలేదు. డెన్వర్ సభ ముగిసిన మర్నాడే సారా పేలిన్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించారు. ఆమె తొలి ప్రసంగంలోనే క్లింటన్‌ను పొగిడి, ఆ పగుళ్లనే ప్రస్తావించారు. అయినా నవంబరులో డెమోక్రాట్లమని చెప్పుకున్న ఓటర్లలో 89 శాతం ఒబామాకే వేశారని నాటి ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి. అధ్యక్షుణ్ని తేల్చే రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లలో ఆయనకు 365, మెకెయిన్‌కు 173.

నా వాదనలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. పొడవైన పోరు వల్ల ఒబామాకు నష్టంతో పాటు ఆస్తి కూడా మిగిలింది. మామూలుగా ప్రైమరీ మార్చికే ముగిస్తే ఇండియానా, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాల ముఖం ఏ అభ్యర్థీ చూడడు. ఆ ఏడాది మే 6న ఆ రెండూ కీలకమయ్యాయి. ఇద్దరూ అక్కడ కార్యాలయాలు తెరిచారు, కార్యకర్తలను చేర్చుకున్నారు, ఓటర్ల నమోదు చేయించారు. నవంబరులో ఒబామా నార్త్ కరోలినాను సుమారు 14 వేల ఓట్ల తేడాతో గెలిచారు. 1976 తర్వాత డెమోక్రాట్లు దాన్ని గెలవడం అదే మొదలు. ఇండియానా అయితే 1964 తర్వాత. అంత సన్నని తేడాలో ప్రైమరీ నాటి కార్యకర్తల బలం పని చేయలేదని ఎవరూ చెప్పలేరు. ఒబామా వెళ్లే చర్చి పాస్టర్ రైట్ ప్రసంగాల వివాదం కూడా మార్చిలోనే బయటపడి, ఒబామా జాతి సమస్య మీద ఫిలడెల్ఫియాలో సుదీర్ఘంగా మాట్లాడాల్సి వచ్చింది. అదే అక్టోబరులో కొత్తగా పేలి ఉంటే?

ఇక్కడ నా వాదనకు ఒక అభ్యంతరం నేనే చెప్పాలి. సెప్టెంబరు 15న లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది, ఆర్థిక వ్యవస్థ కుదేలైంది, అధికార పార్టీకి ఎదురుగాలి వీచింది. అలాంటి ఏడాదిలో చీలిన పార్టీ కూడా గెలవగలిగేదేమో. కాబట్టి 2008 ఒక్కదాన్నే పట్టుకుని దీర్ఘ పోరు మంచిదని సూత్రం కట్టకూడదు.

వ్యతిరేక ఉదాహరణగా అందరూ 1980ని చూపిస్తారు. పదవిలో ఉన్న జిమ్మీ కార్టర్‌ను సొంత పార్టీ సెనేటర్ టెడ్ కెనడీ సవాలు చేశారు. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి పెద్ద రాష్ట్రాలు గెలిచారు కానీ లెక్కలో వెనకబడ్డారు. అప్పుడు ఆయన ఎంచుకున్న దారి, డెలిగేట్లు తమను గెలిపించిన అభ్యర్థికి కట్టుబడాలన్న నిబంధననే ఆగస్టు మహాసభలో మార్పించాలని. ఆ ప్రయత్నం ఓడింది. మర్నాడు ఆయన చేసిన ప్రసంగానికి సభ ఊగిపోయింది. చివరి రాత్రి వేదిక మీద కార్టర్ ఆయన చేయి పట్టుకుని పైకెత్తాలని తిరగడం, ఆయన తప్పించుకోవడం దేశమంతా టీవీలో చూసింది. నవంబరులో కార్టర్‌కు మిగిలినవి 49 ఎలక్టోరల్ ఓట్లు. ఆయన రిపబ్లికన్ ప్రత్యర్థి రీగన్ ప్రచారం కెనడీ విమర్శల దృశ్యాలను వాడుకుంది.

అయితే కెనడీ వల్లే కార్టర్ ఓడారని చెప్పడం తొందరపాటు. ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో బందీలుగా చిక్కిన అమెరికన్లు, ద్రవ్యోల్బణం అప్పటికే ఆయనను కుంగదీశాయి. ఆయన బలహీనంగా ఉన్నారు కనుకనే కెనడీ దిగారు. 1968లో జాన్సన్, 1976లో రీగన్ సవాలు ఎదుర్కొన్న ఫోర్డ్, 1992లో బుకానన్ సవాలు ఎదుర్కొన్న సీనియర్ బుష్ విషయంలోనూ ఇదే. జ్వరం వచ్చిన ఇంటికి వైద్యుడు వచ్చాడు కనుక వైద్యుడే జ్వరం తెచ్చాడనలేం కదా. రాజనీతి శాస్త్రంలో దశాబ్దాలుగా తెగని చర్చ ఇదే. నష్టం కొంత ఉంటుంది, దాన్ని విడదీసి కొలవడం కష్టం.

2016కు వస్తే, అక్కడ కాలం కంటే నమ్మకం సమస్య అయింది. ప్రైమరీలో హిల్లరీ క్లింటన్ చేతిలో ఓడిన బెర్నీ శాండర్స్ మద్దతుదారులకు సూపర్ డెలిగేట్ల మీద మొదటి నుంచీ అనుమానం. మహాసభకు ముందు బయటపడిన పార్టీ ఈమెయిళ్లు ఆ అనుమానానికి ఆధారం ఇచ్చాయి. పార్టీ జాతీయ కమిటీ అధ్యక్షురాలు రాజీనామా చేయాల్సి వచ్చింది. శాండర్స్ కూడా డెన్వర్‌లో క్లింటన్ చేసినట్టే సభలో లేచి ఏకగ్రీవ ప్రతిపాదన చేశారు, తర్వాత ప్రచారమూ చేశారు. శాండర్స్ ఓటర్లలో సుమారు 12 శాతం ట్రంప్‌కు వేశారని ఒక పెద్ద సర్వే అంచనా. మెకెయిన్‌కు వేసిన క్లింటన్ ఓటర్ల వాటా 2008లో అంతకంటే ఎక్కువేనని మరికొన్ని సర్వేలు అన్నాయి. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడింట్లో కలిపి సుమారు 78 వేల ఓట్లతో ట్రంప్ గెలుపు తేలినప్పుడు మాత్రం ఆ చిన్న వాటా కూడా భారీగా కనిపిస్తుంది. అందుకే 2018లో పార్టీ నిబంధన మార్చింది. పోటీ తేలని మహాసభలో తొలి విడత ఓటింగ్‌లో సూపర్ డెలిగేట్లకు ఓటు లేదు. ఆలస్యమైనా సరైన నిర్ణయమని నా ఉద్దేశం.

మన రెబల్ అభ్యర్థుల సంగతి మొదట్లో చెప్పాను. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టాలు ప్రైమరీలో ఓడినవారు అదే ఎన్నికలో స్వతంత్రంగా దిగకుండా అడ్డుకుంటాయి. కనెక్టికట్‌లో ఆ అడ్డు లేదు కనుకనే 2006లో ప్రైమరీ ఓడిన డెమోక్రటిక్ సెనేటర్ జో లీబర్మన్ స్వతంత్రంగా పోటీ చేసి గెలిచారు. రెండేళ్ల తర్వాత ఆయన రిపబ్లికన్ మహాసభలో మెకెయిన్ తరఫున మాట్లాడారు. చీలిక వచ్చింది, అయినా ఆ ప్రైమరీ పొడవైనదేమీ కాదు.

2024లో డెమోక్రాట్లు అసలు పోటీయే లేకుండా అభ్యర్థిని మార్చుకున్నారు. జూలై 21న బైడెన్ తప్పుకున్నారు, కమలా హారిస్ చుట్టూ పార్టీ రోజుల్లోనే ఒక్కటైంది. అంత ఐక్యత 2008 వేసవిలో ఒబామాకు లేదు. కానీ ఆమెకు ఐదు నెలల వడపోత దక్కలేదు. రాష్ట్ర రాష్ట్రానా కార్యకర్తలను పోగేసే అవకాశం, తన బలహీనతల మీద ముందుగానే జవాబు చెప్పుకునే అవకాశం దక్కలేదు. ఓటమికి కారణాలు ఎన్నో ఉన్నాయి, ఇది వాటిలో ఒకటని నేను అనుకుంటున్నాను. ఈ విషయంలో మీలో చాలామంది నాతో విభేదిస్తారని తెలుసు. ఆ చర్చ ఇక్కడే మొదలుపెడదాం, ప్రశ్నలు అడగండి.