రాముడి బొమ్మ ఉన్న 1818 రాగి బిళ్ల అసలుదేనా?

(క్లోజప్: అరచేతిలో నల్లబడిన రాగి బిళ్ల)

ఈ ఫొటో మీ వాట్సాప్‌కి కూడా వచ్చే ఉంటుంది. ఒక పక్క రాముడి కొలువు, ఇంకో పక్క "ఈస్ట్ ఇండియా కంపెనీ, హాఫ్ అణా, 1818". దీనికి కోట్లు ఇస్తారని, బియ్యం గింజల్ని లాగుతుందని చెబుతారు. ముందే చెప్పేస్తున్నా, కంపెనీ ఇలాంటి రాగి అణా ఎప్పుడూ వేయలేదు. తర్వాతెప్పుడో చేసిన బిళ్లలివి. దేవుడి గదిలో పెట్టుకోండి, తప్పు లేదు, పాత నాణెమని మాత్రం కొనకండి. రాగి బియ్యాన్ని లాగదు, ఆ గింజలకి ఇనుప రజను ముందే పట్టించి, అయస్కాంతం దాచి ఉంచుతారు.

జనం నమ్మడానికి కారణం లేకపోలేదు. 1808 ప్రాంతంలో కంపెనీవాళ్లు మద్రాసులో వేసిన వెండి పావు వరహా మీద నిజంగానే విష్ణుమూర్తి ఉన్నాడు, చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు కూడా. కానీ అది వెండి.

(కట్: బల్ల మీద మూడు నాణేలు)

అసలు రాగి ఇదీ. మొదటిది 1794 నాటిది, ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కోస్తా కోసం, బర్మింగ్‌హామ్ దగ్గర సోహో మింట్‌లో కొట్టించారు, రూపాయికి 48 అని దాని మీదే ఉంటుంది. రెండోది 1808 నాటి 20 కాసుల బిళ్ల. నాకు బాగా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే వీటిని మద్రాసుకి తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లాండ్ తీరం కూడా దాటకుండానే గుడ్‌విన్ ఇసుకదిబ్బల దగ్గర మునిగిపోయింది, మళ్లీ 1980ల్లో డైవర్లు బయటికి తీసేదాకా అవన్నీ అక్కడే ఉన్నాయి. అన్నట్టు, 20 కాసుల రాగినే అప్పట్లో "డబ్బు" అనేవాళ్లు. ఆ రాగి పోయింది, మాట మిగిలింది.

మూడోది 1835 నాటి పావు అణా, మన తాతల లెక్కలో దీన్ని "కానీ" అనేవాళ్లు. కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి, చాలా ఎక్కువ వేశారు కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది. అరగకుండా ఉంటే దాదాపు ఆరున్నర గ్రాములు తూగాలి, అయస్కాంతానికి అంటుకోకూడదు.

ఇక చింతపండు. దయచేసి వద్దు! ఇత్తడి చెంబులా తళతళలాడించారంటే ఆ గోధుమరంగు పొర పోతుంది, దాంతోపాటే విలువా పోతుంది. మెత్తటి పీవీసీ కవర్లలో కూడా పెట్టకండి, కొన్నాళ్లకి పచ్చటి జిగురు పడుతుంది, నా దగ్గర రెండు కానీలు అలాగే పాడయ్యాయి.