శ్రీకాకుళం బస్సు ఎక్కని ఆడమనిషి

(దృశ్యం: రాత్రి పదకొండున్నర. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్. బెంచీ మీద ఒకామె, ఒళ్లో నిద్రపోతున్న పాప, కాళ్ల దగ్గర బట్టల షాపు క్యారీ బ్యాగు.)

వాయిస్: ఇలా ఒకామె కూర్చుందనుకుందాం. టీ అమ్మే ఆవిడ అడుగుతుంది: "ఏ బస్సమ్మా?" "శ్రీకాకుళం." ఈలోపు శ్రీకాకుళం బస్సులు మూడు వెళ్లిపోయాయి. ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ దాకా టికెట్ ఫ్రీయే, 2025 ఆగస్టు 15 నుంచి. కానీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఏదైనా చూపించాలి. అవన్నీ ఇంట్లో బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం ఆయన దగ్గర.

ఇల్లు లేనివాళ్లంటే మనకు ఫుట్‌పాత్ మీద దుప్పటి కప్పుకున్న మగవాళ్లే గుర్తొస్తారు. దెబ్బలు తిని బయటికొచ్చిన ఆడమనిషి అలా పడుకోదు. ప్రయాణికురాలిలా కూర్చుంటుంది, లేదా ఆసుపత్రిలో ఎవరికో తోడున్నట్టు. అందుకే లెక్కలోకి రాదు.

(దృశ్యం: ఫోన్ తెర మీద 181.)

మరి ఆ రాత్రికి ఏం చేయాలి? 181 మహిళా హెల్ప్‌లైన్. ప్రమాదం మీదికొస్తే 112. వన్‌స్టాప్ సెంటర్లో వైద్యం, పోలీసు, లాయరు సాయంతో పాటు తలదాచుకోడానికి చోటిస్తారు. సాధారణంగా ఐదు రోజుల దాకా.

అసలు కష్టం ఆరో రోజు నుంచి. ఎక్కువ కాలం ఉండటానికి శక్తి సదన్‌లనే ఆశ్రయ గృహాలు ఉన్నాయి. కానీ మగపిల్లలకు వయసు పరిమితి ఉంటుంది, కాస్త ఎదిగిన కొడుకుంటే తల్లి ఆగిపోతుంది. విశాఖలో నగరపాలక సంస్థ (జీవీఎంసీ) నైట్ షెల్టర్లు ఉన్నాయి, వాటిని నడపడంలో ఏయూటీడీ లాంటి స్వచ్ఛంద సంస్థలు ఏళ్లుగా పనిచేస్తున్నాయి. లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలన్నది సుప్రీంకోర్టు 2010లో పెట్టిన లెక్క. 2011 జనాభా లెక్కల్లో విశాఖ నగరం 17 లక్షల పైమాటే. అంటే పాత లెక్కకే పదిహేడు కావాలి.

(దృశ్యం: మూసిన ఇంటి తలుపు, గుమ్మంలో చెరిగిన ముగ్గు.)

ఇంకో మాట. అసలు ఇల్లు వదలాల్సింది ఆమేనా? 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఇల్లు భర్త పేరున ఉన్నా, అద్దెదైనా సరే. అవసరమైతే భర్తనే బయటికెళ్లమని మేజిస్ట్రేట్ ఆదేశించొచ్చు. అర్జీ మీద మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో జరగాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. కోర్టులో అంత వేగంగా నడుస్తుందా అంటే, వాయిదాలకు తిరిగినవాళ్లెవరైనా నవ్వుతారు. లాయరు ఖర్చు మాత్రం అడ్డు కాదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, నంబరు 15100.

ఇక మన వీధి సంగతి. "మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకు, రేపు మన మీదికొస్తుంది" అంటాం. రాదు. గోడవతల గొడవ వినబడ్డ ఎవరైనా రక్షణాధికారికి, అంటే ఈ చట్టం కింద బాధితులకు సాయం చేసే అధికారికి, చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లను బాధ్యుల్ని చేయకూడదని అదే గృహహింస చట్టం 4వ సెక్షన్‌లో రాసి ఉంది.

డ్వాక్రా గ్రూపులో వాయిదా కట్టడానికి రాని అక్క ఎందుకు రాలేదో మిగతా తొమ్మిదిమందికీ తెలుసు. వాళ్లు చేయగలిగిన పని పెద్దదేం కాదు. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్ల జిరాక్స్‌లు ఒక కవర్లో పెట్టి, ఒకరింట్లో బియ్యం డబ్బా వెనకాల దాచడం. ఏ తేదీన ఏం జరిగిందో నోటుబుక్కులో రాసుకోవడం. దెబ్బ తగిలితే ఆసుపత్రికి తోడెళ్లి, "జారి పడింది" అని రాయించకుండా చూడటం. "సర్దుకుపోవే" అన్న సలహా కంటే ఆ కవరు వెయ్యిరెట్లు నయం.

(దృశ్యం: టీ కొట్టు. చేతిలో ఫోన్.)

టీ ఆవిడ ఆమె పక్కన కూర్చుంటుంది. "181కి చేద్దామా? నువ్వు సరేనంటేనే." పాపకు పాలు పోసిస్తుంది.

ఈ వీడియో చూసి సాయం చేద్దామనుకునేవాళ్లకు ఒక్క మనవి. ఆమె ఫొటో, ఆమె ఉన్న షెల్టర్ పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అదే గ్రూపులో వాళ్ల మరిది కూడా ఉండొచ్చు.