ఒక్క రోజు కొలిచి చూడండి

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట నేను చెప్పబోయేది నలుగురిలో ఎవరూ ఎత్తని సంగతి. మూత్రం అతిగా రావడం. డాక్టరు ఎదుట కూర్చుని మోకాళ్ళ నొప్పి చెబుతాం, గ్యాసు చెబుతాం, నిద్ర పట్టడం లేదంటాం. తీరా లేచి తలుపు దాకా వెళ్ళాక, "అన్నట్టు డాక్టరుగారూ, రాత్రిళ్ళు మాటిమాటికీ లేవాల్సి వస్తోందండీ" అని నసుగుతాం. నన్నడిగితే మొట్టమొదట చెప్పాల్సింది అదే.

ఇక్కడ రెండు సంగతులు కలగాపులగం అయిపోతుంటాయి. మాటిమాటికీ వెళ్ళడం వేరు, మూత్రం ఎక్కువ తయారవడం వేరు. గంటకోసారి పరుగెత్తినా ప్రతిసారీ కాసినే వస్తుంటే, చూడాల్సింది మూత్రాశయాన్ని, ప్రోస్టేట్ గ్రంథిని, ఇన్ఫెక్షన్ ఏమైనా ఉందేమోనని. అలా కాకుండా వెళ్ళినప్పుడల్లా ధారాళంగా వస్తూ, పెద్దవాళ్ళలో రోజు మొత్తానికి 3 లీటర్లు దాటితే, దాన్ని అతిమూత్రం అంటారు.

మన మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో 99 శాతం తిరిగి రక్తంలోకే వెళ్ళిపోతుంది. మిగిలిన ఆ కాస్తే మూత్రం. కాబట్టి వెనక్కి తీసుకునే పనిలో ఒక్క శాతం తేడా వచ్చినా, దాదాపు 2 లీటర్లు అదనంగా బయటికొస్తాయి. షుగరు జబ్బులో జరిగేది ఇదే. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలోకి దిగడం మొదలవుతుంది, దిగుతూ దిగుతూ నీళ్ళను కూడా వెంట లాక్కుపోతుంది. అందుకే ఆ దాహం. మూత్రం ఎక్కువగా పోతోంది కాబట్టి దాహం వేస్తోంది. మనం తిరగేసి, నీళ్ళు ఎక్కువ తాగుతున్నాం కాబట్టి పోతోందిలే అనుకుంటాం.

ఇంకా కారణాలున్నాయి. రక్తంలో కాల్షియం పెరగడం, లిథియం వంటి మందులు, నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్ తగ్గడం. అవన్నీ డాక్టరు తేల్చాల్సినవి. నేను మా మేనమామ సంగతి చెబుతాను.

ఆయన రిటైరైన బడిపంతులు. డెబ్బై దాటాయి. రాత్రికి నాలుగైదు సార్లు లేచేవాడు. దానికి ఆయన కనిపెట్టిన వైద్యం ఏమిటంటే, సాయంత్రం ఐదు దాటితే చుక్క నీరు ముట్టకపోవడం. నోరు పిడచగట్టుకుపోయేది గానీ లేవడం మాత్రం తగ్గలేదు. చివరికి మా అత్తయ్య పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ డాక్టరు మందు రాయలేదు. "ముందు ఒక రోజు కొలిచి తీసుకురండి మాస్టారూ" అన్నాడు. వంటింటి కొలత జగ్గు ఇచ్చేది లేదని అత్తయ్య ఖరాఖండిగా చెప్పేసింది. వేరే జగ్గు కొన్నారు.

పంతులుగారు కదా, గీతలు గీసిన కాగితం మీద టైము, మిల్లీలీటర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. మొత్తం 1,800 వచ్చింది. అంటే అతిమూత్రం కానే కాదు. కానీ పడుకున్న తరవాత వచ్చిందే 1,000! ఆ వయసులో రాత్రి వాటా మూడో వంతు దాటిందంటే ఆలోచించాల్సిందే. ఈయనది సగానికి పైనే.

డాక్టరు ఆ కాగితం చూసి, ఆయన పంచె కాస్త పైకి తీయమని, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలాడు. గుంట పడింది. పడి, అలాగే ఉండిపోయింది. పగలంతా కుర్చీలో కాళ్ళు వేలాడేసి కూర్చుంటే నీరు కాళ్ళలోకి దిగి నిలుస్తుంది. రాత్రి పడుకోగానే అదంతా మళ్ళీ రక్తంలోకి చేరుతుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. రాత్రి వస్తున్నది ఆయన సాయంత్రం తాగిన నీరు కాదు. పగలంతా కాళ్ళలో నిలిచిన నీరు. ఇక నీళ్ళు మానేస్తే ఏం లాభం?

గుండె, మూత్రపిండాల పరీక్షలు చేయించారు, బాగానే ఉన్నాయి. కొన్ని రకాల బీపీ బిళ్ళలకు కూడా పాదాలు వాస్తాయి. ఆయన వేసుకునేది అలాంటిదే కావడంతో డాక్టరే మార్చాడు. ఉప్పు తగ్గించమన్నాడు, మధ్యాహ్నం పూట కాసేపు కాళ్ళు దిండ్ల మీద ఎత్తుగా పెట్టుకుని పడుకోమన్నాడు. ఇప్పుడు రాత్రికి ఒకసారి లేస్తున్నాడు. ఆ వయసుకు అది మామూలే.

అందుకని నేను అడిగేది ఒక్కటే. కొలవండి. పొద్దున లేవగానే వచ్చేది వదిలేయండి. ఆ తరవాత నుంచి ప్రతిసారీ జగ్గులో పట్టి, టైముతో సహా రాసుకోండి. మర్నాడు పొద్దున లేవగానే వచ్చేది కూడా కలిపి ఆపండి. ఆ పొద్దుటిది రాత్రి లెక్కలోకే వస్తుంది, చాలామంది తప్పేది అక్కడే. తాగిన నీళ్ళు, కాఫీ, టీలు పక్కన రాయండి. వేసుకునే బిళ్ళలు కూడా, ఏది ఏ వేళకో.

ఒక జాగ్రత్త. కొలవకుండా, అడగకుండా నీళ్ళు తగ్గించకండి. మళ్ళీ చెబుతున్నాను, మీ అంతట మీరు తగ్గించకండి. షుగరు పెరిగినవాళ్ళకు, వాసోప్రెసిన్ లోపం ఉన్నవాళ్ళకు నీళ్ళు ఆపితే ఒంట్లో నీరు ఇంకిపోయి ప్రాణం మీదికొస్తుంది. బీపీ బిళ్ళలు కూడా సొంతంగా మానకండి.

కొన్నిచోట్ల మాత్రం జగ్గు కోసం ఆగకూడదు. విపరీతమైన దాహం, బరువు తగ్గడం, వాంతులు, మగత కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్లలు మళ్ళీ మొదలుపెట్టి, నీళ్ళు నీళ్ళు అంటుంటే, తిట్టకండి. ఆ రోజే షుగరు పరీక్ష చేయించండి.