శివారు చేనుకు నీరెప్పుడు? మాస్టోడాన్‌లో తొలి వారం

[దృశ్యం: ధవళేశ్వరం ఆనకట్ట. కాలువల్లోకి మళ్లుతున్న గోదావరి నీరు.]

నమస్కారం. ధవళేశ్వరం దగ్గర కాలువల తలుపులు దించితే అటు కాకినాడ వైపూ ఇటు నరసాపురం వైపూ చేలకు నీరు ఆగిపోతుంది. మనం రోజూ వాడే పెద్ద సోషల్ మీడియా యాప్‌ల తీరూ ఇంతే. అందరి పోస్టులూ ఒకే కంపెనీ దగ్గర ఉంటాయి, ఎవరికి ఏది చూపాలో ఆ కంపెనీయే నిర్ణయిస్తుంది, అది ఖాతా మూసివేసిన రోజున ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పరిచయాలన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి.

[దృశ్యం: కడియం నర్సరీలో మొక్కల ఫొటోలు తీస్తున్న యజమాని.]

జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో 2016లో మొదలుపెట్టిన మాస్టోడాన్ అనే సోషల్ మీడియా వేదికకు ఇలాంటి ఒకే తలుపు లేదు. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం కనుక ఎవరైనా తమ సొంత సర్వర్, అంటే ఖాతాలూ పోస్టులూ ఉండే కంప్యూటర్, నడుపుకోవచ్చు. ఆ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష పేరు యాక్టివిటీపబ్; వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2018 జనవరిలో దీనిని ప్రమాణంగా ఆమోదించింది. అందువల్ల ఈ నర్సరీ యజమాని ఒక సర్వర్‌లోనూ, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఆవిడ మరొక సర్వర్‌లోనూ ఖాతా తెరిచినా, వేర్వేరు కంపెనీల ఈమెయిళ్లు ఒకరికొకరికి అందినట్టే, ఒకరి పోస్టులు మరొకరికి అందుతాయి. చిరునామా కూడా ఈమెయిలును పోలినదే: ముందు మన పేరు, తరువాత సర్వర్ పేరు.

ఏ సర్వర్‌లో చేరాలన్న ప్రశ్న దగ్గరే చాలామంది వెనుదిరుగుతారు. అంత భయం అక్కరలేదని నా అభిప్రాయం. మాస్టోడాన్ అధికారిక వెబ్‌సైట్ జాబితాలోని సర్వర్లు రోజూ బ్యాకప్ తీస్తామనీ, మూసివేయవలసి వస్తే కనీసం 3 నెలల ముందు చెబుతామనీ మాట ఇచ్చినవి. నిబంధనలు ఒకసారి చదివి, వాటిలో ఒకదానిలో చేరితే సరిపోతుంది.

[దృశ్యం: ఖాళీ టైమ్‌లైన్ ఉన్న ఫోన్. పక్కనే, నీరందని శివారు చేను.]

అసలు చిక్కు చేరిన తరువాత వస్తుంది. తెర దాదాపు ఖాళీగా ఉంటుంది. మీకు నచ్చుతాయని ఊహించి పోస్టులు తెచ్చి పోసే యంత్రాంగం హోమ్ టైమ్‌లైన్‌లో, అంటే తెరవగానే కనిపించే పోస్టుల వరుసలో, లేదు. మీరు ఫాలో అయినవారు రాసినవీ, వారు బూస్ట్ చేసినవీ (ఇతరుల పోస్టుల్లో వారు మళ్లీ పంచినవి), కాలక్రమంలో వస్తాయి. కాలువ నిండుగా పారుతున్నా మన చేనుదాకా బోదె తవ్వుకోకపోతే నీరు రాదు కదా! పైగా బయటి పోస్టులు ఒక సర్వర్‌కు చేరడానికి ప్రధాన కారణం, అక్కడి సభ్యుల్లో ఎవరో ఒకరు ఆ రాసినవారిని ఫాలో కావడమే. అందుకే పదిమంది ఉన్న సర్వర్‌లో హ్యాష్‌ట్యాగ్ వెతికితే కొద్దిపాటి పోస్టులే కనిపిస్తాయి. అది శివారు భూమి. కొత్తవారు ఓ మోస్తరు పెద్ద సర్వర్‌లో చేరి, తొలి వారంలోనే నలభై యాభై మందినీ, తమకు ఇష్టమైన హ్యాష్‌ట్యాగులనూ ఫాలో కావడం మేలు.

సర్వర్ నచ్చకపోతే మారవచ్చు. అప్పుడు మిమ్మల్ని ఫాలో అయ్యేవారు కొత్త చిరునామాకు వస్తారు, మీరు ఫాలో అయ్యే జాబితాను ఫైలుగా తీసుకువెళ్లవచ్చు, కానీ పాత పోస్టులు పాత ఇంట్లోనే ఉండిపోతాయి. మరొక మాట: ఇక్కడి ప్రైవేటు సందేశాలకు ఎండ్-టు-ఎండ్ రక్షణ (పంపినవారూ అందుకున్నవారూ తప్ప ఎవరూ చదవలేని ఏర్పాటు) లేదు, సర్వర్ నిర్వాహకులు తలచుకుంటే చదవగలరు. బ్యాంకు వివరాలు, ఇంటి గొడవలు అక్కడ రాయకండి.

2024 ఫిబ్రవరిలో ఆహ్వానం అవసరం లేకుండా అందరికీ తెరుచుకున్న బ్లూస్కై అనే మరో సోషల్ మీడియా వేదిక, యాక్టివిటీపబ్ కాకుండా ఏటీ ప్రోటోకాల్ అనే వేరే పద్ధతిలో నడుస్తుంది. అందులో చేరడం సులువే, అయితే అత్యధికుల ఖాతాలు ఆ ఒక్క సంస్థ సర్వర్లలోనే ఉన్నాయి.

[దృశ్యం: నర్సరీ యజమాని ఫోన్‌లో టైపు చేస్తున్నారు.]

తొలి పోస్టులో మీరెవరో, దేని గురించి రాస్తారో నాలుగు వాక్యాల్లో చెప్పి, హ్యాష్‌ట్యాగులు జోడించండి. మాస్టోడాన్‌లో మామూలుగా 500 అక్షరాలదాకా చోటు ఉంటుంది. ఈయన ఒక మందార మొక్క ఫొటో పెట్టి, దాని పేరూ, తమ ఊరి పేరూ రాశారు.